గ్రేసమ్మ నేర్చుకున్న భాష

మాచర్లలో దానియేలు మాస్టారంటే తెలియనివాళ్ళు తక్కువ. ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు పండితుడిగా చేసి రిటైరైన మనిషి. రైతుబజార్లో వంకాయలు ఏరుకుంటున్నా ఎవరో ఒక పాత శిష్యుడు బండి ఆపి, చెప్పులు విడిచి దండం పెట్టేవాడు. అలాంటి మనిషికి చివరి నాలుగేళ్ళూ మాట సరిగ్గా రాలేదు. ఆయన పోయి ఏడాది దాటింది. ఊరంతా ఆయన పాఠాలు తలుచుకుంటుంటే, భార్య గ్రేసమ్మ మనసు మాత్రం ఆ నాలుగేళ్ళ చుట్టూనే తిరుగుతుంటుంది.

మాస్టారు పుట్టింది ముప్పాళ్ళ దగ్గర ఒక పల్లెలో. అమ్మానాన్నలు మిరపకోతలకు పోయి ఆయన్ని చదివించారు. మొదటి ఉద్యోగం విజయపురి సౌత్‌లో. అక్కడ ఉండగానే గ్రేసమ్మతో పెళ్ళయింది. ఆమె చదువు ఐదో తరగతితో ఆగింది. బైబిలు తెరిస్తే ఒత్తుల దగ్గర నాలుక తడబడేది. ఆయన బడి నుంచి వచ్చి, ఆమె పొయ్యి దగ్గరుంటే పక్కనే పీట వేసుకుని కూర్చుని, రోజుకొక వాక్యం చదివించేవాడు.

"ఇంకోసారి చదువు, తొందరేముంది" అనేవాడు తప్ప విసుక్కునేవాడు కాదు.

ఆమె మాట తీరును మాత్రం ఎన్నడూ దిద్దలేదు. ఒకసారి ఆమే అడిగింది. అందరితోపాటు ఆమెకీ ఆయన మాస్టారే.

"నా మాట మోటుగా ఉంటది గదా మాస్టారూ, మీకు నామోషీగా లేదా?"

"దిద్దడానికి బళ్ళో బోలెడుమంది ఉన్నారు. ఇంటికొచ్చేది వినడానికి."

వాళ్ళకు ఒక్కతే కూతురు, ప్రేమలత. తనలాగే తెలుగు చదువుతుందని ఆయన ఆశ. ఆ పిల్ల ఇంటరు కాగానే నర్సింగు చదువుతానంది. మాస్టారు ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. మర్నాడు తెల్లారేసరికి మాత్రం పరుపుచుట్ట భుజాన పెట్టుకుని, కూతుర్ని నరసరావుపేట బస్సు ఎక్కించి, తనూ ఎక్కాడు. హాస్టలు గదిలో పరుపు పరిచి, ఫ్యాను తిరుగుతుందో లేదో చూసి, "మందుల పేర్లు కూడా పద్యాల్లాగానే, నోటికి రావాలి" అని చెప్పి వచ్చాడు.

రిటైరైన మూడో ఏడు, ఒక పొద్దున గడ్డం గీసుకుంటూ భార్యను పిలవబోయాడు. నోట్లోంచి వచ్చింది పేరు కాదు, అర్థం లేని ఏదో శబ్దం. అద్దంలో తన ముఖం తనే చూసుకుంటూ మళ్ళీ అన్నాడు. మళ్ళీ అదే. గ్రేసమ్మ పరుగెత్తుకొచ్చేసరికి కుడిచెయ్యి వేలాడుతోంది.

నరసరావుపేటలో ప్రేమలత పనిచేసే ఆసుపత్రిలోనే చేర్చారు. చెయ్యి మెల్లగా తిరిగొచ్చింది. నడక వచ్చింది. మాట రాలేదు. వచ్చినా ఒకదానికి ఒకటి వచ్చేది. నీళ్ళు కావాలంటే "పొలం" అనేవాడు. అన్నాన్ని "శనివారం" అనేవాడు.

"మెదడులో మాటలుండే చోట దెబ్బ తగిలిందమ్మా. నాన్నకు అన్నీ తెలుసు. చెప్పాలనుకున్న మాట బయటికి రాదు, అంతే" అంది ప్రేమలత.

డిశ్చార్జయి ఇంటికొచ్చాక గ్రేసమ్మ పట్టుదలగా కూర్చుంది. గ్లాసు ఎదురుగా పెట్టి, "నీళ్ళు అనండి మాస్టారూ" అనేది. ఆయన శక్తి కూడదీసుకుని "పొలం" అనేవాడు. మళ్ళీ, మళ్ళీ. ఒకరోజు ఆమె కాస్త గట్టిగా అంది. ఆయన గ్లాసును చేత్తో తోసేశాడు. జీవితంలో ఎప్పుడూ వస్తువు విసరని మనిషి. కింద నీళ్ళు పారుతుంటే, తల గోడవైపు తిప్పుకుని ఏడ్చాడు.

గ్రేసమ్మ నేల తుడిచి, ఆయన పక్కన కూర్చుంది. "పోనీయండి. నా మాటలు మీకు రాకపోతే, మీ మాటలు నేను నేర్చుకుంటా. అదేమన్నా అంత కష్టమా ఏంది?"

ఆ తర్వాత గ్లాసు పాఠం మానేసింది. ఆయన "పొలం" అంటే నీళ్ళిచ్చేది, "శనివారం" అంటే కంచం పెట్టేది. ఆమెను మాత్రం "సైకిలూ" అని పిలిచేవాడు. ఎందుకో ఎవరికీ తెలియదు. ఒక మధ్యాహ్నం ఆమె దొడ్లో బట్టలుతుకుతుంటే ఆయన వసారాలో నిలబడి "సైకిలూ, సైకిలూ" అని కేకేశాడు. పక్కింట్లో బట్టలు కుట్టే షాహిస్తా విని, పెద్దాయన ఎక్కడికో పోవాలనుకుంటున్నాడని వాళ్ళాయన సైకిలు నడిపించుకుంటూ వచ్చింది.

"ఇదిగో సైకిలు, మాస్టారుగారూ. ఎక్కడికి పోతారు?"

ఆయన సైకిలు చూశాడు, చేతులు తుడుచుకుంటూ వచ్చిన భార్యను చూశాడు. నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళవెంట నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. జబ్బు చేశాక అంతలా నవ్వడం అదే మొదలు. సంగతి తెలిశాక షాహిస్తా కూడా గుమ్మంలో కూలబడి నవ్వింది.

ఆదివారాలు చర్చికి తీసుకెళ్ళేది. అక్కడ ఇంకో వింత. పాట మొదలవగానే ఆయన గొంతు అందుకునేది. ఒక్క అక్షరం తప్పేది కాదు. మొదటిసారి విన్నప్పుడు ముందువరసల వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఇక మాట వచ్చేసిందనుకుంది గ్రేసమ్మ. పాట అయిపోయాక, "బాగున్నారా మాస్టారూ" అని పాస్టరుగారు చెయ్యి పట్టుకుంటే, ఆయన నోరు తెరిచి, ఏమీ రాక, తల ఊపాడు. పాటలో ఉన్నంతసేపే మాటలు ఆయనవి. ఇంటికొచ్చే దారంతా ఆటోలో ఆమె ఆయన చెయ్యి వదల్లేదు.

నిరుడు వానాకాలంలో రెండోసారి వచ్చింది జబ్బు. ఈసారి ఆసుపత్రి దాకా పోనీయలేదు.

మొన్న జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. ఇంటిముందు షామియానా, కుర్చీలు. మాస్టారి శిష్యుడు హనుమంతరావు రిటైర్మెంటు సభనాటి వీడియో దొరికిందని పెద్ద టీవీ తెప్పించాడు. తెర మీద మాస్టారు ఇస్త్రీ చొక్కాలో నిలబడి, ఎక్కడా తడుముకోకుండా మాట్లాడుతున్నాడు. మధ్యలో పద్యం, మధ్యలో ఛలోక్తి. చూస్తున్నవాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు. గ్రేసమ్మ కన్నార్పకుండా చూసింది. చానా బాగా మాట్లాడుతున్నాడు. అయినా ఆమెకు ఏడుపు రాలేదు. ఆ మనిషి ఊరందరి మనిషి.

లేచి లోపలికి పోయింది. ప్రేమలత వెనకే వచ్చింది.

"ఏమైందమ్మా?"

"నీ ఫోన్లో మీ నాన్న ఆ తర్వాత మాట్లాడినవి ఏమన్నా ఉన్నయ్యా? జబ్బు చేశాక మాట్లాడినవి?"

ప్రేమలత మంచం మీద కూర్చుని చాలాసేపు వెతికింది. ఫొటోలున్నాయి. గొడుగు కింద నాన్న, కేకు ముందు నాన్న. అన్నిట్లోనూ నోరు మూసుకునే ఉన్నాడు.

"ఎవరం తీయలేదమ్మా. అట్లాంటప్పుడు ఎట్లా తీస్తాం?"

"నిజమేలే" అంది గ్రేసమ్మ. మళ్ళీ తనే, "నిన్నేమని పిలిచేవాడో గుర్తుందా?" అంది.

"పొద్దున" అంది ప్రేమలత. "నేను గేటు తీస్తే చాలు, 'పొద్దునా' అనేవాడు."

"అట్లా కాదు. 'పొ' దగ్గర కొంచెం ఆగేవాడు."

ప్రేమలత 'పొ' దగ్గర ఆగి అంది. గ్రేసమ్మ తల అడ్డంగా ఊపింది. తను అని చూసింది. తనకీ రాలేదు. బయట వీడియో అయిపోయి చప్పట్లు వినిపించాయి. భోజనాలకు వడ్డించమంటారా అని షాహిస్తా గుమ్మంలోంచి అడిగింది.

"వస్తున్నాం తల్లీ" అని గ్రేసమ్మ లేవబోయి, మళ్ళీ కూర్చుంది. "ఇంకోసారి అను" అంది కూతురితో.