మా మేనమామ డబ్బీ మందు

మొన్న జగిత్యాలలో చర్మం డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆమె నా రెండు చేతుల్నీ బల్ల మీది దీపం కిందికి లాక్కుని, వేళ్ల మీది తోలును మెల్లగా చిటికెతో పట్టి చూసి, ఇది ఎండి పగిలిన చర్మం కాదండీ, అరిగిపోయిన చర్మం, ఇన్నేళ్లూ దీనికి ఏం పూశారు, ఎవరిచ్చారు అని అడిగింది. నన్నెరిగినవాళ్లు ఎవరైనా ఆ గదిలో ఉంటే కుర్చీ లాక్కుని కూర్చునేవాళ్లు. ఎందుకంటే నన్ను ఒక ప్రశ్న అడిగి ఒక్క ముక్కలో జవాబు రాబట్టుకున్న మనిషి ఇటు కోరుట్లలో గానీ అటు సిరిసిల్లలో గానీ ఇంతవరకూ లేడు. బస్సు ఎందుకు ఆలస్యమైందని అడిగితే చాలు, దారిలో డ్రైవరుగారి అత్తగారిల్లు, అక్కడ ఆయన కోసం కోసిన కోడి, కోయకముందు ఆ కోడి చూసిన చూపు, అన్నీ చెప్పి గానీ వదలను. అలాంటివాణ్ణి ఆ రోజు, యాదికి లేదమ్మా అని తలవంచుకున్నాను. నా జన్మలో నేనాడిన అబద్ధాలన్నింటిలోకీ పొట్టిది అదే.

యాదికి లేకపోవడమేమిటి. ఆ డబ్బీ మూత తీసినప్పుడు వచ్చే వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది. మొదట పసుపు, తర్వాత ఆముదం, ఆ రెంటి వెనకాల ఎక్కడో సన్నగా దవాఖానా వాసన. ఆ మూడో వాసన సంగతే నేను ఎన్నడూ పట్టించుకోలేదు.

నా ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో మల్లాపూర్ చుట్టుపక్కల ఊళ్లలో మీసం మొలిచిన ప్రతివాడి ముందూ రెండే తొవ్వలుండేవి, ఒకటి దుబాయికి, ఇంకొకటి సిరిసిల్లకు. దుబాయి పోవడానికి కావలసినవాటిలో నా దగ్గర నోరొక్కటే ఉండేది గనుక నేను సిరిసిల్ల బస్సెక్కాను. అద్దకం కార్ఖానాలో పని దొరికింది. సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, నేసేవాళ్లకు ఆ మోతకు చెవులు పోతాయి, రంగుల్లో ముంచేవాళ్లకు చేతులు పోతాయి అని చేరిన రోజే అక్కడి పెద్దాయన ఒకరు చెప్పారు గానీ, నేను ఆయన మాట వినకుండా తొట్టిలో సుడి తిరుగుతున్న ఎర్రరంగు వైపు నోరు తెరుచుకుని చూస్తున్నాను. నూలు కట్టల్ని సోడానీళ్లలో ఉడకబెట్టాలి, బ్లీచింగు నీళ్లలో తెల్లబరచాలి, వేడి రంగులో ముంచి తిప్పాలి, పిండాలి, ఆరేయాలి, ఇదంతా వట్టి చేతులతోనే. చేతులకు తొడుక్కోవడానికి రబ్బరువేవో ఉంటాయని కూడా మాకు తెలియదు.

చలికాలం వచ్చేసరికి వేళ్ల సందుల్లో దురద మొదలైంది. గోకితే సన్నటి నీటిపొక్కులు, అవి చితికితే మంట, ఆ తర్వాత అరచేయంతా ఎండలో మరిచిపోయిన తోలుచెప్పులా బిగుసుకుపోయి, ముద్ద కలపబోతే చాలు, చీలి నెత్తురు వచ్చేది. నాకేమో పచ్చిపులుసు లేనిదే అన్నం దిగదు. ఆ చింతపండు, ఆ పచ్చిమిర్చి పగుళ్లలోకి దిగినప్పుడు నేను ఎగిరిన ఎగురుడు చూసి పక్క గదివాళ్లు నాకు దేవుడు పూనాడనుకున్నారు. చెంచాతో తింటే దొరలెక్క తింటున్నడని నవ్వారు. అయితే దురద కన్నా, మంట కన్నా, చూపులు ఎక్కువ బాధపెట్టేవి. మూలమీది హోటల్లో నా ఒక్కడికీ చాయ్ వేరే గ్లాసులో వచ్చేది. బస్సులో కడ్డీ పట్టుకుంటే పక్కవాడు తన చెయ్యి తీసేసేవాడు. అందుకని నేను ముందుగానే కథలు మొదలుపెట్టేవాణ్ణి. నా పగుళ్లలో ఒక చీమ దారి తప్పి రెండు పూటలు తిరిగిందనీ, పొద్దున లేచి చేతులు రుద్దుకుంటే ఆ చప్పుడుకు పక్క గదివాడు సాంచాలు మొదలైనాయనుకుని ఉరికి పోయాడనీ చెప్పి, వాళ్లు నవ్వేలోపు నేనే నవ్వేసేవాణ్ణి. నవ్వించేవాడి చేతుల్ని ఎవరూ అంతగా చూడరు.

ఈ విద్య నాకు అబ్బింది మా మేనమామ దగ్గర. నాన్న నా చిన్నతనంలోనే పోయాడు. అమ్మకు తమ్ముడైన ఈయనే కోరుట్ల నుంచి వచ్చి మమ్మల్ని చూసుకునేవాడు, నన్ను భుజాన వేసుకుని అంగడంతా తిప్పేవాడు, తిప్పుతూ దారి పొడుగునా కోతలు కోసేవాడు. వారం అంగట్లో ఒక దుప్పటి పరిచి, దాని మీద చిన్న చిన్న రేకు డబ్బీలు పేర్చి, గజ్జికి, తామరకు, పగుళ్లకు మందు అమ్మడం ఆయన వృత్తి. నా చేతుల సంగతి అమ్మ చెప్పగా కబురు పెట్టాడు. సెలవు రోజున వేములవాడ మీదుగా బస్సులు మారి కోరుట్లలో దిగాను.

"ఏందిర అల్లుడా, గివి చేతులా, పాత చాటలా? ఇటు తే," అన్నాడు.

నా చేతుల్ని తన ఒళ్లో పెట్టుకుని, గోరువెచ్చటి నీళ్లతో కడిగి, పాత పంచెతో అద్ది, డబ్బీ మూత తీసి వేపపుల్లతో మందు తీసి ప్రతి పగులులోనూ రాశాడు. వేలితో రాయొచ్చు కదా మామా అంటే, "దేవుని మందుకు ఇచ్చెటోని ఏలు తాకద్దు. తాకితే అది వానికే పని చేస్తది," అన్నాడు. ఎంత బాగుందో ఆ మాట అనుకున్నాను, దాన్ని నేను కూడా ఎక్కడైనా వాడుకోవాలనుకున్నాను.

మీరు నమ్మినా నమ్మకపోయినా, ఇది నా కోతల్లోది కాదు, వారం తిరగకముందే దురద పోయింది. నెల తిరిగేసరికి పగుళ్లు పూడి, అరచేతులు గులాబీ రంగులో మెరుస్తున్నాయి. ఇక మామ ఆనందానికి పట్టపగ్గాలు లేవు. సెలవు దొరికినప్పుడల్లా నన్ను అంగట్లో తన పక్కన నిలబెట్టి, నా మణికట్టు పట్టుకుని చెయ్యి పైకెత్తేవాడు. "ఇగో, మా అక్క కొడుకు. మొన్న సంక్రాంతికి గీ చేతులు చూసి కుక్కలు సుత మొరిగినయి. ఇప్పుడు చూడుండ్రి, పెండ్లిపిల్లగాని చేతులు." జనం ముందుకు వంగి చూసేవాళ్లు. వేరే గ్లాసులో చాయ్ తాగిన చేతులు అవి. అలా అందరి ముందూ గాలిలో ఎత్తి చూపిస్తుంటే నాకు ఏనుగు మీద ఊరేగినట్టుండేది.

ఆ మందు ఎలా పుట్టిందో మామ చెప్పే కథ ఒకటుంది. కొండగట్టు వెనక రాళ్లలో ఒక ముసలి కోతి, చెయ్యి పగిలి నెత్తురు కారుతుంటే, ఏదో వేరు తవ్వి నమిలి రాసుకోవడం ఆయన కళ్లారా చూశాడట. ఆయన కథలో కోతి ఒకటే. మొదట నమ్మక మూతి తిప్పుకుని, తర్వాత వచ్చి ముసలి కోతికి దండం పెట్టే రెండో కోతిని చేర్చింది మాత్రం నేను. ఆ మందు కోసం దుబాయి నుంచి ఒక షేకు మనిషిని పంపించాడన్నది కూడా నాదే. మామ అది విని నా వీపు చరిచి, మా బావ పోలిక కాదు, అచ్చం నా పోలికే అని మురిసిపోయాడు. అంతకన్నా పెద్ద మెచ్చుకోలు నాకు ఆ తర్వాత ఎవరి దగ్గరా దొరకలేదు.

మామకు ఒక్కతే బిడ్డ, నాకన్నా చిన్నది. ఆ చుట్టుపక్కల ఇళ్లలో చాలామంది ఆడపిల్లల్లాగే చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. తడిపిన తునికాకు, పొగాకు దుమ్ము, బిగించి కట్టే దారం, వీటితో దాని వేళ్ల కొసలన్నీ చీలి ఉండేవి, చలికాలమైతే మరీ. ఒక సాయంత్రం నేను చూస్తుండగానే మామ పల్లీనూనె వెచ్చచేసి, తన చేతి వేళ్లతోనే బిడ్డ వేళ్లకు ఒక్కొక్కదానికీ మర్దన చేసి, పాత గుడ్డపీలికలు చుట్టాడు. నాకు మనసు ఉండబట్టలేదు. ఇంట్లో డబ్బీలకు డబ్బీలు పెట్టుకుని దీనికి నూనెతో సరిపెడుతున్నావేంది మామా అన్నాను.

"గది మొగోళ్ల చేతులకురా. ఆడివిల్లకు గంత మందు పడది, నూనె సాలు."

నాకు ఆ పిల్ల మీద జాలి వేసింది. చెప్పకుండా ఉండలేను, లోలోపల కొంచెం గర్వం కూడా కలిగింది. కన్నబిడ్డకు ఇవ్వనిది నాకు ఇస్తున్నాడంటే నేనంటే ఎంత ప్రేమో అనుకున్నాను. నా డబ్బీ తీసి ఆమె ముందు పెడితే, "నాకద్దు బావా, నాయిన చంపుతడు. నీ కోతి మందు నువ్వే పూసుకో," అని నవ్వుతూ చాట మోకాళ్ల మీదికి లాక్కుంది.

ఆ తర్వాతి ఏళ్లు మెల్లగా జరిగాయి. మందు పూసినన్నాళ్లూ బాగుండేది; నాలుగు రోజులు మానితే చేతులు నిప్పుల్లో పెట్టినట్టు మండి, మునుపటి కన్నా ఎక్కువగా పొక్కేవి. అది లోపలి విషాన్ని బయటికి గుంజుతుంది, మానకు అనేవాడు మామ, ఇంకో డబ్బీ చేతిలో పెట్టేవాడు. రాను రాను తోలు ఉల్లిపొరలా పలచబడింది. లోపలి ఎర్రటి నరాలు పైకి కనిపించేవి. నూలు కట్ట అంచు తగిలితే చాలు, చిరిగేది. అద్దకం పని మానుకున్నాను. తువ్వాళ్లు మడిచే పనికి పోతే గంజి పెట్టిన అంచులు కూడా కోసుకుపోయేవి. చివరికి సిరిసిల్ల బజారులో ఒక బట్టల దుకాణం ముందు నిలబడి గిరాకీలను పిలిచే పనిలో కుదురుకున్నాను. చేతులు అక్కర్లేని పని, నోరు చాలు. తమాషాగా బతికానని నలుగురికీ చెప్పుకుంటాను గానీ, రంగు తొట్టిలో నూలు తిప్పుతున్నప్పుడు తెల్లది నీలమయ్యే ఆ ఒక్క క్షణం నాకు ఇష్టంగా ఉండేది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మామ పోయినప్పుడు నేను ఏడ్చినంతగా మా నాన్నకు కూడా ఏడ్చి ఉండను. దినాల నాడు భోజనాలయ్యాక రెండు కోతుల కథ నేనే చెప్పి అందర్నీ నవ్వించాను. మందు లేకపోవడం వల్లనే చేతులు ఇంకా పాడయ్యాయని ఇన్నేళ్లూ అనుకుంటూ, ఎవరేది చెబితే అది రాసుకుంటూ వచ్చాను.

జగిత్యాల డాక్టరమ్మ నా పొట్టి అబద్ధాన్ని నమ్మలేదు. వేర్లూ ఆకులూ ఇలా చెయ్యవు, మందుల షాపులో దొరికే గట్టి స్టెరాయిడ్ ట్యూబు ఏదో చాలా ఏళ్లు రాసి ఉంటారు, అది కొద్ది రోజులకు మించి రాయకూడనిది అంది. నేను అక్కణ్ణుంచి ఇంటికి పోలేదు, కోరుట్ల బస్సెక్కాను.

మామ బిడ్డ వాకిట్లో చాట ముందేసుకుని కూర్చుంది. భర్త గల్ఫులో ఉన్నాడు, ఇల్లు మంచిగా కట్టుకున్నారు, అయినా చెయ్యి ఊరికే ఉండదని బీడీలు చుడుతూనే ఉంది. డాక్టరమ్మ అన్నది చెప్పాను. ఆమె దారం బిగిస్తూనే, తల ఎత్తకుండా అంది:

"మరి ట్యూబులే గద బావా. పెట్టెలకు పెట్టెలు తెచ్చెటోడు నాయిన. నేనే పిండేదాన్ని, పసుపు, ఆముదం కలిపి డబ్బీలల్ల నింపేదాన్ని. అయినంక సబ్బుతోని మోచేతుల దాంక కడుక్కోమని నా మీద నిలబడేటోడు."

నాకెందుకు చెప్పలేదే అన్నాను. అప్పుడు తల ఎత్తింది.

"నీకెరుకే అనుకున్న. రెండో కోతిని పెట్టింది నువ్వే గద. ఇద్దరు గలిసే నడిపిస్తున్నరనుకున్న." నా చేతుల వైపు చూసి అంది, "నీకిచ్చే డబ్బీ వేరే ఉంటదనుకున్న బావా. అక్క కొడుకువైతివి."

ఆమె వేళ్లు గరుకుగా, నల్లగా, కొసల దగ్గర గీతలు పడి ఉన్నాయి, అయినా నిండు తోలుతో ఉన్నాయి. ఆమె ఇచ్చిన చాయ్ గ్లాసు వేడికి నా వేళ్లు ఓర్చుకోలేక కింద పెట్టేశాను.

ఆ రోజు నుంచి మామను కాపాడటానికి నేను ఎన్ని కథలు అల్లానో లెక్కలేదు. పాపం ఆయనకూ తెలియదేమో, మంచిదనే నమ్మాడేమో, నా చేతులు మెరుస్తుంటే చూసి మురిసిపోయి అక్కడితో ఆగిపోయాడేమో. ప్రతి కథా బాగానే నడుస్తుంది, ఆ సబ్బు దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. బిడ్డ చేతులు కడిగించినవాడికి అన్నీ తెలుసు. తెలిసే నన్ను అంగట్లో నిలబెట్టాడు. ఎంతటి కోతలరాయుణ్ణైనా, దీనికి మాత్రం ఇంకో ముగింపు పెట్టలేకపోయాను.

ఇప్పుడు అంగట్లో దుప్పటి పరిచి డబ్బీలు అమ్మేవాళ్లు కనిపించడం లేదు. ఆ ట్యూబులే మందుల దుకాణంలో అద్దాల వెనక వరసగా నిలబడి ఉన్నాయి, అడిగినవాడికల్లా ఇస్తున్నారు, వాటికి కోతి కూడా అక్కర్లేదు. ఇప్పటి పిల్లలు పెట్టె తిప్పి సన్నక్షరాలు చదివి, ఫోనులో వెతికి గానీ ఏదీ ఒంటికి తగలనివ్వరు. మొన్నటిదాకా నేను వాళ్లను వెక్కిరించేవాణ్ణి. మన కాలంలో మందులో ఏముందని ఎవరడిగారు, ఇస్తున్నదెవరని చూసుకున్నాం, మనవాడైతే చాలనుకున్నాం. ఆ నమ్మకంలో ఎంత హాయి ఉండేదో ఈ పిల్లలకు చెప్పినా అర్థం కాదు, చెప్పడానికి నాకూ మొహం చెల్లడం లేదు.

డాక్టరమ్మ రాసిచ్చిన మందుతో దురద తగ్గుతోంది. తోలు పూర్తిగా మునుపటిలా కావడం కష్టమేనంది. నిన్న సాయంత్రం నా బిడ్డ ఆ మందు తీసుకుని పక్కన కూర్చుని, చేతులియ్యి నాన్నా, నేను రాస్త అంది. నేను కళ్లద్దాలు వెతుక్కుని, మందు పెట్టె దాని చేతిలోంచి తీసుకుని, పైనుంచి కిందిదాకా చదివాను. నేను చదువుతున్నంతసేపూ అది నన్నే చూస్తూ, చెయ్యి చాపి కూర్చుంది. ఆ తర్వాతే నా చేతులు దాని ఒళ్లో పెట్టాను.