పక్క సీట్లో బందరు దాకా

మంగళగిరి నుంచి బందరుకు చీరల మూటలు చేరవేయడం పదేళ్లుగా నా వ్యాను పని. కిందటి శ్రావణంలో పామర్రు దాటాక క్లచ్ పోయి, ఒక షాపుకు పెళ్లి చీరలు మర్నాటికి గాని చేరలేదు. ఆ షాపువాళ్లు మళ్లీ నన్ను పిలవలేదు. బండి ఆగకముందే తీసుకురమ్మని మెకానిక్ ఎప్పుడూ చెబుతాడు. రెండు రోజులు ఆపితే సరుకు వేరేవాళ్ల చేతికి పోతుందని నా భయం.

చివరికి మా ఆవిడ సలహా మీద, అదే దారిలో వ్యాను నడిపే కరీముల్లాగారి ఇంటికి వెళ్లాను. ఒకరి బండి సర్వీసుకు వెళ్లినప్పుడు రెండోవాళ్లు ఆ సరుకు కూడా చేరవేసేలా అనుకుందామన్నాను. ఆయనా ఇదే భయంతో వాయిదా వేస్తూ వస్తున్నారట. ముందు నా బండి, వచ్చే నెల తన బండి ఆపుదామన్నారు.

మంగళవారం వ్యాను విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్‌కు అప్పగించి, ఏడున్నరకు అక్కడి గేటు దగ్గర నిలబడ్డాను. నా మూటలతో కరీముల్లాగారు వచ్చారు. ఈ దారిలో పక్క సీట్లో కూర్చోవడం నాకిదే మొదటిసారి. కంకిపాడు దాటాక అప్పుడే నాట్లు వేసిన మడులు, వాటి నిండా కొంగలు. ఇన్నేళ్లూ నేను చూసింది ముందు లారీ వెనక భాగమే. ఉయ్యూరులో వేడి ఇడ్లీలు తిన్నాం. ఎనిమిదిన్నర లోపు వెళ్తే అల్లం పచ్చడి దొరుకుతుంది, ఆలస్యం చేయకండి.

పదికల్లా బందరు చేరాం. మూడో షాపు యజమానురాలు విజయలక్ష్మిగారు గడియారం చూసి, వారం వారం మీరే రాకూడదా అని కరీముల్లాగారిని అడిగారు. మూట భుజాన పెట్టుకుని వాకిట్లోనే ఆగిపోయాను.

"ఇది భాస్కరరావుగారి సరుకండీ. ఆయన బండి సర్వీసులో ఉందని తెచ్చాను. నా బండి ఆగినప్పుడు నాది ఆయన తెస్తారు," అన్నారు కరీముల్లాగారు నన్ను చూపిస్తూ.

"అయితే మీ ఇద్దర్లో ఎవరో ఒకరు తప్పకుండా వస్తారన్నమాట. నాకదే కావాలి," అని ఆవిడ టీ తెప్పించారు.

భోజనాలయ్యాక కునుకు వస్తోందని ఆయన స్టీరింగు నాకిచ్చారు. ఊరు దాటకముందే గేదెలు అడ్డం వచ్చి బ్రేకు తొక్కితే, పెడల్ బాగా కిందకి పోయింది.

"మీ బండి సర్వీసుకు వచ్చే నెల దాకా ఆగకూడదండీ," అన్నాను.

"గురువారం గుడివాడ సరుకుంది కదండీ."

"రేపు సాయంత్రానికి నా బండి వచ్చేస్తుంది. గుడివాడ నేను వెళ్తాను."

ఆయన సరేనన్నారు. మెల్లగా నడుపుకుంటూ నేరుగా ఆటోనగర్ చేరేసరికి నాలుగున్నర. నా వ్యాను పక్కనే ఆయన వ్యానూ పెట్టించాం.

బెంజ్ సర్కిల్‌లో మంగళగిరి బస్సెక్కి నిలబడ్డాం. పదేళ్లుగా ఈ రోడ్డు మీద ఎదురుపడితే హారన్ కొట్టుకోవడమే గాని ఆగి మాట్లాడుకుంది లేదు. కృష్ణ వారధి మీద గాలి చల్లగా తగిలింది. ఇద్దరికీ నడపడానికి బండి లేదు, అయినా మనసుకు ఎంతో తేలిగ్గా ఉంది. కండక్టరు వస్తే నేను జేబులో చెయ్యి పెట్టేలోపే కరీముల్లాగారు, "మంగళగిరి, రెండు" అన్నారు.