మేం పోసిన చెత్త, మేం తీసిన సినిమా

డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా మా కాలేజీలో పర్యావరణం మీద ఐదు నిమిషాల సినిమాల పోటీ పెట్టారు. చదువు నారాయణగూడలో, హాస్టల్ చిక్కడపల్లిలో. నేను, నా రూమ్మేట్, మా క్లాసమ్మాయి ఒకరు జట్టు కట్టాం. కథ నాది, కెమెరా రూమ్మేట్ ఫోను, నటన ఆ అమ్మాయిది. ప్లాస్టిక్ కవర్లు నాలాకు అడ్డంపడి వాన నీళ్లు ఇళ్లలోకి వస్తాయన్నది కథ. వారం పాటు మాకు వేరే మాటే లేదు.

ఆదివారం పొద్దున్నే అశోక్‌నగర్‌లో నాలా పక్క సందుకు చేరుకున్నాం. తీరా చూస్తే సందు అద్దంలా ఉంది. చెత్త లేకుండా ఈ సినిమా ఎలా తీయడం? రూమ్మేట్ పరుగున వెళ్లి కిరాణా కొట్ల వెనక నుంచి రెండు సంచుల ఖాళీ కవర్లు, టీ కప్పులు పట్టుకొచ్చాడు. నేనే వెదజల్లాను. కెమెరాకు బాగా కనపడాలని కొన్ని కప్పులను సర్ది మరీ పెట్టాను.

రూమ్మేట్ ఫోన్లో రికార్డింగ్ మొదలుపెట్టాడో లేదో, ఆ సందు ఊడ్చే ఆమె చీపురుతో వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. పాలమూరు వైపు నుంచి వచ్చానని తర్వాత చెప్పింది.

"ఇప్పుడే ఊడ్చి అటు పోయిన. ఎవరు పోసిన్రు ఇదంత?"

సినిమా తీస్తున్నామక్కా అన్నాను. ఏం సినిమా అని అడిగింది. చెత్త వేయొద్దని చెప్పే సినిమా అనేసరికి నా గొంతు నాకే వినపడలేదు.

ఆమె అరవలేదు. చీపురు నా చేతిలో పెట్టింది. "అయితె ఊడ్వు బిడ్డ. నేను చూస్త."

ఊడ్చాను. గాలికి ఎదురుగా ఊడిస్తే కవర్లన్నీ మళ్లీ నా కాళ్ల మీదికే వచ్చాయి. ఆమె నన్ను అటు తిప్పి నిలబెట్టి, చీపురు ఎలా పట్టాలో చూపించింది. తడి కవర్లు నేలకు అతుక్కుపోతే చేత్తోనే తీయాలంది. మా హీరోయిన్ కూడా కప్పులు ఏరింది. అంతా అయ్యాక తలెత్తి చూస్తే, రూమ్మేట్ ఫోను ఇంకా మా వైపే ఉంది. వాడు రికార్డింగ్ ఆపనే లేదు.

అక్కడే గట్టు మీద కూర్చుని నలుగురం ఒకే ఫోను మీదికి వంగి చూశాం. రాసుకున్న కథ ఇక అక్కర్లేదని మా ముగ్గురికీ ఒకేసారి తెలిసింది. ఇది వాడుకోవచ్చా అక్కా అని అడిగాం.

"పెట్టుకోన్రి. గని నాక్కూడ చూపియ్యాలె."

పోటీ రోజు ఆమె మా పక్కనే కూర్చుంది. నేను నసుగుతూ సినిమా సంగతి చెప్పే చోట హాలంతా ఒక్కసారిగా నవ్వింది. నేను సిగ్గుతో కుంచించుకుపోతుంటే ఆమె నా కన్నా గట్టిగా నవ్వుతోంది. రెండో బహుమతి వచ్చింది. స్టేజీ మీదికి ఆమెను కూడా లాక్కెళ్లాం.

బయటికొచ్చాక బస్సు కోసం నిలబడి ఆమె అంది: "మల్ల తీస్తె చెప్పున్రి. వాన పడ్డంక నాలాల ఏమేం కొట్టుకొస్తయో చూపిస్త. పరుపులు గూడ వస్తయి."

బస్సు వచ్చి ఆమె ఎక్కేలోపే మా రూమ్మేట్ ఫోను తీసి వాన ఎప్పుడు పడుతుందో వెతకడం మొదలుపెట్టాడు.