వీధివైపు సజ్జ

పంచాయతీ వాళ్లు మా ఇంటి ముందరి జాగా చూడడానికి వస్తామన్న రోజు పొద్దుటి నుంచీ నా చేతులు ఒక పని మీద నిలవలేదు. డెబ్భైల మొదట్లో మాట ఇది. అప్పటికి గచ్చిబౌలి వైపంతా రాళ్లగుట్టలూ జొన్నచేలే. మా ఊళ్లో పిండి గిర్ని లేదు. ఆడవాళ్లం జొన్నల మూటలు నెత్తిన పెట్టుకుని లింగంపల్లి దాకా నడిచేవాళ్లం.

అంతకు ఏడాది ముందు మా ఆయన కాలు బండి కింద పడి విరిగింది. దవాఖానలో ఉన్నన్నాళ్లూ ఆయన లేచి నడిస్తే చాలని మొక్కుకుని మా ఊరి పీరుకు దట్టి గుడ్డ కట్టాను. నడిచారు. ఆ దయ ఈనాటికీ మరవలేదు. కానీ అది నాగలి వెంట తిరిగే కాలు కాదు, కూర్చుని చేసే పని కావాలి. లింగంపల్లిలో ఉన్న మా ఆడబిడ్డ భర్త తన పాత గిర్ని మిషన్ మాకిస్తానన్నారు. ఈ నెల పంచాయతీ తీర్మానం కాకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానని కూడా అన్నారు. పంచాయతీ కాగితం లేనిదే కరెంటు రాదు, కరెంటు లేనిదే గిర్ని తిరగదు.

దరఖాస్తు రాసింది నేనే. నేను బడి మెట్లెక్కలేదు. మా నాయన ఇంట్లోనే పలక పట్టించి, దేవుడి పద్యాలు చదివించి అక్షరాలు నేర్పాడు. మా ఆయన జాగాలో ముగ్గు పోసి రెండు గదులు గీశారు, ఒకటి గిర్నికి, ఒకటి కిరాయికి. అది చూసి నేను కాగితం మీద నక్షా దించాను. గోడ పొడవెంత, తలుపు ఎటు, దారి ఎంత వదిలాం, అన్నీ రాశాను.

సర్పంచ్, మెంబర్లు నలుగురు, గుమాస్తా వచ్చారు. ముగ్గు గీతల వెంట నడిచారు, టేపు పట్టి కొలిచారు. వాళ్ల కళ్లన్నీ నేల మీదే. మా వెనకింటి మెంబరు మాత్రం మొదటి నుంచీ ముఖం ముడుచుకునే ఉన్నాడు. గిర్ని చప్పుడుకు తన బర్రెలు పాలియ్యవన్నాడు.

"నీ ఇంట్ల లొల్లికే ఇస్తున్నయి, గిర్నికి ఇయ్యవా?" అన్నాడు సర్పంచ్. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

కొలతలన్నీ సరిపోయాయి. మా అరుగు మీదే కూర్చుని గుమాస్తా తీర్మానం రాయడం మొదలుపెట్టాడు. చాయ్ తెచ్చి ఇచ్చి, వాకిట్లో నిలబడి ఊరికే గల్లీ వైపు చూశాను. అప్పుడు కనపడింది నాకు. మా గల్లీలో ఒక్క ఇంటికీ వీధివైపు సజ్జ లేదు. కాపురానికి వచ్చి పదేళ్లయినా అదెందుకో ఎన్నడూ ఆలోచించలేదు.

మా ఇంటి మూల దగ్గర దారి సన్నబడి మళ్లుతుంది. మొహర్రంలో పొడవాటి కర్రకు ఎత్తి ఊరేగించే పీరు గోడను ఆనుకున్నట్టుగా అక్కడే తిరుగుతుంది. రెండు నిలువుల ఎత్తు. మా ఊళ్లో పీరును ఎవరి గుమ్మం ముందరా వంచరు. పిండి పట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్లకు నీడ ఉంటుందని, మూడడుగుల సజ్జ తీస్తానని ముందురోజే మేస్త్రీ చెప్పి వెళ్లాడు. ముగ్గులో సజ్జ ఎలా కనపడుతుంది? నా నక్షాలోనూ అది లేదు.

మా ఆయనను లోపలికి పిలిచి చెప్పాను. ఆయన ముఖం నల్లబడింది.

"ఇప్పుడు నోరు తెరువకు. సంతకాలు కానియ్, తర్వాత చూద్దం."

తర్వాత అంటే ఎప్పుడు? సజ్జ లేకపోతే వాన లోపలికి కొడుతుందని ఆయనకు తెలుసు. గోడ లేచాక దాన్ని వద్దనే మనసు ఆయనకు రాదు. నాకూ రాదేమోనని భయం వేసింది. నక్షా నా చేతిరాత. ఏది లేదని నమ్మి వాళ్లు సంతకం చేస్తున్నారో అది రేపు గోడ మీద లేస్తే, ఆ అబద్ధం నాది. మిషన్ పోతే ఈయన ఏం చేస్తారు? దేవుణ్ణి తలుచుకుని కొంగు సర్దుకుని అరుగు దగ్గరికి వెళ్లాను.

"సర్పంచన్నా, నక్షాల ఒకటి ఇడిసిపెట్టిన. వీధి దిక్కు మూడడుగుల సజ్జ అనుకున్నం. అది పెడితే మూల మీద పీరు వంగాలె."

గుమాస్తా కలం ఆగిపోయింది.

"సూసిన్రా?" అన్నాడు వెనకింటి మెంబరు. "దాసిపెట్టి సంతకాలు పెట్టించుకుందమనుకున్నరు. వచ్చే నెల సూద్దం తియ్."

వచ్చే నెల అంటే మిషన్ పోయినట్టే. మా ఆయన నా వైపు చూడలేదు. సర్పంచ్ పీర్లను చూసుకునే ముసలి ముజావర్‌కు కబురు పంపాడు. ముజావర్ వచ్చి మూల మీద నిలబడి, చేతికర్ర పైకెత్తి, ఒక్కొక్క అడుగే వేస్తూ పీరు తిరిగినట్టే తిరిగి చూశాడు.

"పైన ఇడిసిపెట్టు బిడ్డా, కింద నీదే. గోడతోని ఫికర్ లేదు."

వీధివైపు సజ్జ ఉండరాదని తీర్మానంలో ఒక వాక్యం చేర్చారు. అదే మాట నక్షా మీద నా చేతే రాయించారు. మిగతావాళ్లంతా సంతకాలు చేశారు. వెనకింటి మెంబరు కాగితం అటూ ఇటూ తిప్పి తిప్పి చూశాడు. చివరికి, పాలు తక్కువైతే చెంబు పట్టుకొని మీ ఇంటికే వస్తానంటూ సంతకం పెట్టాడు.

అందరూ వెళ్లాక మా ఆయన, "వానకాలం పిండి తడుస్తది. ఏం చేస్తవ్?" అన్నారు.

"తలుపుకు గోనెపట్టా కడత."

ఆయన కాగితం మడిచి అంగీ జేబులో పెట్టుకున్నారు. అన్నం తిని వెళ్లమన్నాను. మా ఆడబిడ్డ భర్త మిషన్ ఇంకెవరికైనా ఇస్తానని మాటిచ్చేస్తారేమోనని, ఆగకుండా లింగంపల్లి దారి పట్టారు.