బాంజోలో మేజోడు

కెంటకీ కొండల్లో బొగ్గుగని ఊరు వాళ్లది. ఓర్లీనాకు యాభయ్యో పుట్టినరోజున మొగుడు డెల్మర్ బాంజో అనే తీగల వాయిద్యం కొనిచ్చాడు, కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం చేసే చవకరకం. కొని, కొరివితో తల గోక్కున్నాడు పాపం. రాత్రంతా గనిలో పనిచేసి పగలు పడుకునే మనిషి ఎవడైనా ఇంట్లోకి బాంజో తెస్తాడా?

"ఏమే, గని కప్పు కూలుతున్నా నిద్రపోతాగానీ, నీ బాంజోకి మాత్రం నావల్ల కాదే!" అని పడగ్గదిలోంచి అరిచేవాడు.

"కొన్నదెవరయ్యా? నేనడిగానా?" అని ఇవతలి నుంచి ఆవిడ.

చివరికి ఆయనే లేచొచ్చి, వెనక చెక్కమూత మరలు విప్పి, తన ఉన్ని మేజోడొకటి చుట్టి లోపల కుక్కాడు. చప్పుడు సగానికి సగం చచ్చింది. కాపురం నిలబడింది.

ఆరేళ్లు గడిచాయి. మార్చిలో ఒకరోజు ఆవిడ అలాగే మెల్లగా వాయించుకుని, చిక్కుడు గింజలు పొయ్యిమీద పెట్టి, నాలుగింటికి లేపబోతే డెల్మర్ లేవలేదు. గుండె ఆగి అప్పటికే రెండు గంటలైందన్నారు.

ఓర్లీనా ఏడవలేదు. ఊళ్లోవాళ్లు గిన్నెల్లో వండి తెచ్చారు. తిని, కడిగి, అడుగున అంటించిన పేర్లు చూసి ఎవరివి వాళ్లకు అప్పజెప్పింది. గుండె రాయి చేసుకుందన్నారు చర్చిలో. రాయి కూడా కాదు. తిమ్మిరెక్కిన కాలు మనది కానట్టుంటుందే, ఆవిడకు బతుకంతా అలా ఉంది. మధ్యాహ్నం మాత్రం రోజూ బాంజో తీసి మెల్లగా వాయించేది.

డెల్మర్ చిన్నాన్న కొడుకు ఎస్టిల్ శనివారాలు పాత బడిగదిలో బాంజో నేర్పుతాడు. పదకొండు నెలలయ్యాక, చెల్లెలి పోరు పడలేక ఆవిడ అక్కడికి వెళ్లింది.

"వదినా, చవకదైనా బాంజో అన్నాక మొరగాలి. నీది మూలుగుతోందేమిటి?" అంటూ ఎస్టిల్ మూత విప్పాడు. నీలం మేజోడు బయటపడింది. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లంతా గొల్లున నవ్వారు. "ఇంకా ఎవరి నిద్ర చెడుతుందని?" అన్నాడు నవ్వుతూ. అనేశాక నాలుక కరుచుకున్నాడు.

"మూత పెట్టెయ్, ఎస్టిలూ," అంది ఓర్లీనా.

ఇంటికొచ్చి, గింజలు పొయ్యిమీద పడేసి, పడగ్గది తలుపు చూస్తూ కూర్చుంది. మేజోడు లోపల ఉన్నన్నాళ్లూ ఆ గదిలో ఆయన పడుకునే ఉన్నాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, తనకు తాను కూడా చెప్పుకోలేదు. తీసేస్తే, ఆయన లేడని ఇల్లే చెప్పేస్తుంది. ఆవిడకు భయమేసింది. ఇన్ని నెలల్లో ఏదైనా అనిపించడం అదే మొదలు.

మరలు విప్పింది. మేజోడు లాగి ఒళ్లో పెట్టుకుంది. తీగలు మీటే ఇనప గోళ్లు వేళ్లకు తొడుక్కుని ఒక్కసారిగా పాట అందుకుంది. బాంజో మొరిగింది. కిటికీ అద్దాలు గల్లుమన్నాయి. పక్కింటి కుక్క లేచి బదులు మొరిగింది. ఆవిడ ఆపలేదు. ఆయన్ని లేవమనే, ఇంకా గట్టిగా వాయించింది.

పాట అయిపోయింది. లోపల్నుంచి "ఏమే" అని ఎవరూ అరవలేదు.

అప్పుడు ఏడ్చింది. పొయ్యిమీద గింజలు మాడిన వాసన వస్తున్నా లేవలేదు.