ఇద్దరు డంకన్లు

రిచ్‌మండ్ హిల్‌లో మా ఓనరమ్మ నన్ను నాలుగేళ్ళు పేరు పెట్టి పిలవలేదు. బేస్‌మెంట్‌లో అద్దెకున్నాను కాబట్టి మెట్ల మీంచి "బేస్‌మెంట్!" అని కేకేసేది. నేనది మర్చిపోలేదు.

స్కాట్లాండ్ నుంచి ఓడెక్కి వచ్చిన ముత్తాత డంకన్ కోసం ఆవిడ పాత రికార్డులు వెతికేది. నచ్చనిది కనబడితే వేలితో బల్లను కొట్టి, "తప్పు రాశారు" అనేది. ఒకే తల్లిదండ్రులకు ఇద్దరు డంకన్లు కనబడితే చిన్నవాడి పేరు కూడా తప్పేనని గీత పెట్టేసింది. పెద్దవాడి వయసేమో ఏ ఓడ ప్రయాణికుల జాబితాతోనూ కుదరలేదు. ఆ గోలంతా వినాల్సింది నేను.

విసిగిపోయి ఒకరోజు చెప్పాను.

"పెద్దవాడు చిన్నప్పుడే పోయుంటాడు మేడమ్. తాత పేరు నిలవాలని తర్వాతివాడికీ అదే పెట్టుంటారు."

"నీకెలా తెలుసు?"

"నాదీ మా అన్న పేరే. నేను పుట్టకముందే పోయాడు."

బల్ల మీద వేలు ఆగిపోయింది.

చిన్న డంకన్ ఒక ఓడ జాబితాలో దొరికాడు. తనే కనిపెట్టానని ఆవిడ చుట్టాలందరికీ నా ముందే చెప్పుకుంది. నాకో థాంక్స్ కూడా లేదు.

కానీ ఆ మర్నాటి నుంచి మెట్ల మీంచి నన్ను పేరు పెట్టి పిలిచేది. మా అన్నదమ్ములిద్దరిలో ఎవరిని పిలుస్తోందో తెలియక, ప్రతిసారీ కాస్త ఆగి పలికేవాణ్ణి.