చోళ్ల కళ్లంలో దిగిన బాంబర్

1968 డిసెంబరులో వైమానిక దళం నన్ను విజయనగరానికి తూర్పున, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పాత విమాన మైదానానికి పంపింది. మా బాంబర్లు సముద్రంలో అభ్యాసం చేస్తుంటే బాంబు ఎక్కడ పడిందో చూసి రేడియోలో చెప్పడం మా నలుగురి పని. నేను కార్పొరల్‌ని, ఆర్మమెంట్ ఫిట్టర్‌ని. బాంబులు తగిలించడం, పైలట్ సీటు చూసుకోవడం మా శాఖ పనులు. అక్కడ విమానాలేవీ దిగేవి కావు కనుక రైతులు రన్‌వే మీద చోళ్లు, అంటే రాగులు, ఆరబోసుకునేవారు.

ఒక రోజు అభ్యాసానికి వచ్చింది మా స్క్వాడ్రన్ కమాండరే. 1965 యుద్ధంలో దాడులకు నాయకత్వం వహించి శౌర్యపతకం పొందిన మనిషి. తక్కువ ఎత్తులో పక్షుల గుంపు తగిలి ఒక ఇంజను ఆగింది, రెండోది వేడెక్కుతోంది. స్థావరం దాకా వెళ్లే వీలు లేదు. మా బాంబర్‌లో పైలట్ సీటు మందుగుండుతో మనిషిని బయటికి విసిరేస్తుంది. నావిగేటర్‌కు అలాంటి సీటు లేదు. పక్క తలుపు తీసుకుని దూకాలి. ఆ తలుపు దెబ్బకు బిగుసుకుపోయింది. మీరైనా దూకండని స్థావరం నుంచి కమాండర్‌కు ఆదేశం వచ్చింది. ఆయన మాత్రం రన్‌వే ఖాళీ చేయించమని మాకు చెప్పారు.

నాది కోటబొమ్మాళి. చోళ్ల దగ్గరున్న ఆడవాళ్ల యాసే నా యాస కనుక నేనే పరుగెత్తాను. అప్ప అంటే మా వైపు అక్క.

"అప్పా, సోళ్లు ఎత్తీయండి, ఇమానం దిగుతాది!"

"ఇన్నాళ్లూ దిగనిది నా సోళ్ల మీదే దిగాలేటి? అవతల అంత సముద్రం లేదేటి?" అంది వాళ్లలో పెద్దావిడ.

"లోపల ఇద్దరున్నారు. ఒకడికి దూకడానికి తోవ లేదు."

"ఆ మాట ముందల సెప్పవేటిరా! ఒసే, సీపుర్లు అట్టుకు రాండే!"

నేను రేడియో దగ్గరికి తిరిగివచ్చేసరికి నావిగేటర్ ఎత్తూ వేగమూ చదువుతున్నాడు. గొంతు వణుకుతోంది. మధ్యలో కాసేపు ఆగాడు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు వణుకు లేదు. ఆడవాళ్లు చివరి చీపురు దెబ్బ వేసి పక్కకు తప్పుకున్నారు. విమానం దిగింది, రన్‌వే అంచున ఆగింది.

దిగాక సీటు పేలకుండా ఎర్రపట్టీ ఉన్న పిన్ను గుచ్చాలి. ఆ పని నాది. నిచ్చెనెక్కి చూస్తే పిన్ను అప్పటికే ఉంది. గాలిలో ఉండగానే, నావిగేటర్ చదవడం ఆపిన ఆ కాసేపట్లో, కమాండర్ దాన్ని అతని చేతికిచ్చి, నువ్వే గుచ్చు అన్నారట. ఆ తర్వాత ఆయనకూ దూకే దారి లేదు. ఇది నిబంధనలకు విరుద్ధం. యుద్ధంలో, గాయపడిన నావిగేటర్‌తో తిరిగివస్తూ కూడా ఇదే చేశారని ఈ నావిగేటరే నాకు చెప్పాడు. పతకంతో ఇచ్చిన కాగితంలో ఆ సంగతి లేదు.

పెద్దావిడ కమాండర్ ఎదుటికి వచ్చి నిలబడింది. "నీ ఇమానం గాలికి మా సోళ్లన్నీ తూర్పారపట్టీసినావు బాబూ. కూలి అడగవు కదేటి?" నేను హిందీలో చెప్పాను. ఆయన నవ్వి, ఆమెకు సెల్యూట్ చేశారు.

ఆయనకూ ఆ ఆడవాళ్లకూ నేను కృతజ్ఞుణ్ణి. తర్వాత వారెంట్ ఆఫీసర్‌గా మనుషులను ప్రమాదకరమైన పనికి పంపవలసి వచ్చినప్పుడు, వాళ్లకు లేని వెనుదారి నాకు ఉందా అని చూసుకునేవాణ్ణి. ఉంటే ముందు దాన్ని మూసి, ఆ తర్వాతే ఆజ్ఞ ఇచ్చేవాణ్ణి.